ఆవగింజకంటె చిన్న సాలెపురుగు

చదువవలసిన భాగములు: యోబు 8:13-15; సామెతలు 30:24-28; యెషయా 59:5-6; రోమా 6:5.

పరిశుద్ధ గ్రంథములో సాలెపురుగును గూర్చిన మాటలు బహు కొద్ది. బిల్దదు యోబుతో వాదించుచు భక్తిహీనుని ఆశను సాలెపురుగు గూటితో పోల్చెను. యెషయా ప్రవక్త దుష్టుల పనులను దాని నేతతో పోల్చి, ఆ నేత కట్టుబట్టకు పనికిరాదని చెప్పెను. రెండు చోట్లను మనకు కనబడునది దాని బలహీనతయే. మూడవ చోటొకటి కలదని కొందరందురు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు తర్జుమాలో, సామెతలు 30వ అధ్యాయమందు రాజగృహములలో నుండు చిన్న ప్రాణి సాలెపురుగు అని యున్నది. మన తెలుగు గ్రంథములో అక్కడ బల్లి యున్నది. ఆ హెబ్రీ మాటకు బల్లి అనియే నేటి పండితులలో అనేకులు అర్థము చెప్పుచున్నారు. కనుక పాత ఇంగ్లీషు ప్రసంగముల పుస్తకములు చూచి ఆ వచనముమీద సాలెపురుగును గూర్చి బోధించువారు కొంచెము జాగ్రత్తపడవలెను. వినువారి చేతులలోనున్న గ్రంథమందు ఆ పురుగు లేదు గదా!

ఒక వస్తువును ఉపమానముగా వాడుకొనువారు ఆ వస్తువును కొంతయైనను ఎరిగియుండుట మంచిది. పొలముతో పరిచయము లేనివాడు విత్తువాని ఉపమానమును చక్కగా విప్పలేడు. అట్లే సాలెపురుగును గూర్చియు. అయితే ఈ నెల పాఠము మన ఇంటి చూరులలో బూజు పట్టించు పురుగును గూర్చినది కాదు. ప్రపంచములోని సాలెపురుగులన్నిటిలో మిక్కిలి చిన్నవగు ఒక కుటుంబమును గూర్చినది. "చిన్న ప్రాణియైనను ఎంత సులువుగా పనిచేయుచున్నదో చూడుడి" అని మనము తరచుగా వినుచుందుము. ఆ మాటలో సగమే నిజము. పని నిజమే, సులువు అనుట మాత్రము నిజము కాదు. ఆ సంగతి తెలిసికొనుటకే ఈ పాఠము.

ఈ కుటుంబమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సింఫైటోగ్నాథిడే. నోరు తిరుగని పేరని విడిచిపెట్టవద్దు. ఇది గ్రీకు మాటలతో కట్టిన పేరు. ఇందులో రెండవ భాగమునకు దవడ అని అర్థము. మొదటి భాగము కొత్త నిబంధన గ్రీకు చదివినవారికి పరిచయమైనదే. రోమీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయము 5వ వచనములో, విశ్వాసులు క్రీస్తు మరణముతోను పునరుత్థానముతోను ఒకటైయుండుటను గూర్చి చెప్పుచు పౌలు వాడిన మాట ఇదియే. మన తర్జుమాలో అది ఐక్యము అని వచ్చినది. మూలములో దాని భావము, కలిసి పెరిగి ఒకటైపోయినది అని. రెండు కొమ్మలు ఒరసికొని పెరిగి ఒకే కొమ్మయైనట్లు. ఈ సాలెపురుగులకు ఆ పేరెందుకు వచ్చెననగా, వీటి కోరదవడలు రెండును నడుమ కలిసి ఒకటైపోయి యున్నవి. తక్కిన సాలెపురుగులలో అనేకమునకు ఆ రెండు దవడలును విడివిడిగా ఆడును.

ఆ కలిసిపోయిన దవడలను చూచి ఇది వేరే కుటుంబమని 1931లో నిర్ణయించినవాడు వి. వి. హిక్మన్ అను పండితుడు. ఆయన ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమందలి విశ్వవిద్యాలయములో జంతుశాస్త్రము బోధించెను. ఇందులో ఒక వింత కలదు. ఈ కుటుంబములో అధిక భాగము వేడిమియు తేమయుగల దేశములలో నివసించును: మధ్య అమెరికా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆగ్నేయాసియా, పసిఫిక్ ద్వీపములు. కాని కుటుంబమునకు పేరు తెచ్చిన పురుగు దొరికినది చలిదేశమగు టాస్మేనియాలో. నేటికి ఈ కుటుంబములో నూటికి దరిదాపు జాతులు గుర్తింపబడి యున్నవి.

ఇవి ఎంత చిన్నవి? పసిఫిక్ మహాసముద్రమందలి సమోవా దేశములో ఉపోలు అను ద్వీపము కలదు. అక్కడ సుమారు 2,000 అడుగుల ఎత్తున, కొండమీది నాచులో ఒక మగ సాలెపురుగు దొరికెను. దాని నిడివి 0.43 మిల్లీమీటరు. న్యూజీలండు దేశములోని ఒటాగో మ్యూజియమునకు అధిపతిగా నుండిన రే ఫార్స్టర్ 1959లో దానిని వర్ణించి, సమోవా సాలెపురుగులను పరిశీలించిన మార్పల్స్ అను పండితుని పేరు దానికి పెట్టెను. అది పాటు మార్ప్లెసి. తరువాత 1977లో ఫార్స్టరును, న్యూయార్కు నగరమందలి అమెరికన్ మ్యూజియములోని నార్మన్ ప్లాట్నిక్‌ను కలిసి ఈ కుటుంబమంతటిని మరల పరిశీలించి గ్రంథము వ్రాసిరి. అందులో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు పురుగొకటి, పాటు డిగువా అనునది, ఇంకను చిన్నది. దాని మగది 0.37 మిల్లీమీటరు. ఒక ఆవగింజను తీసికొని దాని అడ్డముమీద ఇట్టి పురుగులను వరుసగా నిలిపినయెడల నాలుగైదు పట్టును. గసగసాల గింజలో సగము కూడ లేదు.

సమోవా అను పేరు మిషనెరీ చరిత్ర చదివినవారికి క్రొత్త కాదు. లండను మిషనెరీ సంఘమునకు చెందిన జాన్ విలియమ్స్ 1830లో అక్కడ దిగెను. అదే సంఘము 1805లో క్రాన్, డే గ్రాంజ్ అను ఇద్దరిని మన విశాఖపట్టణమునకు పంపియుండెను. అయితే సువార్త పడవ దిగిన తీరమునకును, ఈ పురుగు దాగిన నాచునకును మధ్య నూరు సంవత్సరములకు పైగా ఎడము కలదు. మనుష్యులు ఆ కొండ నెక్కుచు దిగుచు ఉండిరి గాని కాలిక్రింద ఏమున్నదో వంగి చూచినవారు లేరు.

చూచుట సులభము కాదని కూడ ఒప్పుకొనవలెను. ఈ పురుగులు రాలిన ఆకుల క్రిందను, నాచు మధ్యను, రాళ్ల సందులలోను, గుహలలోను నివసించును. వీటిని వెదకువారు అడవి నేలమీది ఆకుచెత్తను జల్లెడపట్టి, క్రింద తెల్లని గుడ్డ పరచుకొని, అందు కదలుచున్న చుక్కలను ఏరుదురు. మరియొక పద్ధతి కలదు. ఆకుచెత్తను ఒక గరాటులో పోసి పైన దీపమును వెలిగింతురు. దీపపు వేడికి పైయాకులు ఎండుకొలది, లోపలి ప్రాణులు తేమను వెదకుచు క్రిందికి దిగి, గరాటు అడుగున ఉంచిన సారాయి సీసాలో పడును. బెర్లేసె అను ఇటలీ పండితుని పేరుతో పిలువబడు గరాటు ఇది. సాలెవలను చూచుటకు వేరే ఉపాయము. మన కంటికి ఆనని ఆ దారములమీద మెత్తని పిండిని చల్లగా, లేని చోట వల ఉన్నట్లుండి ప్రత్యక్షమగును.

ఇక ఆ వలను గూర్చి చెప్పవలెను. ఇదియే ఈ పాఠమునకు ముఖ్యము.

మన భాషలో ఈ ప్రాణికి సాలెపురుగు అని పేరు పెట్టినవారు తెలివిగలవారు. సాలెవాడు పడుగు పోసి, పేక నేయును. గుండ్రని వల కట్టు సాలెపురుగును అట్లే చేయును. మొదట చుట్టును అంచుదారములు కట్టి, వాటి నడుమనుండి అంచునకు బండిచక్రపు ఆకులవలె దారములు లాగును. ఇది దాని పడుగు. ఈ దారములకు జిగట లేదు. తరువాత నడిమినుండి బయటికి ఎడముగా ఒక చుట్టుదారము వేసికొనును. ఇది వలలో నిలువదు. గోడ కట్టు మేస్త్రి పరంజా కట్టుకొన్నట్లు, నిలుచుటకు ఆధారముగా మాత్రమే వేసికొనును. అప్పుడు అంచునుండి నడిమికి తిరిగి వచ్చుచు, ఆ పరంజాను తీసివేయుచు, జిగటగల దారమును దగ్గర దగ్గరగా చుట్లు చుట్లుగా పెట్టును. ఇది దాని పేక. ఎగిరివచ్చు పురుగు అంటుకొనునది దీనికే.

ఈ పనియంతయు కన్నులతో చేయునది కాదు. గుండ్రని వల కట్టు సాలెపురుగులకు చూపు మందము. అనేక జాతులు చీకటిలోనే నేయును. ముందుకాలితో క్రిందటి చుట్టును తడవి, అది ఎక్కడ నున్నదో తెలిసికొని, దానికి తగిన ఎడము విడిచి క్రొత్త చుట్టును అతికించును. మరల ఒక అడుగు, మరల తడవుట, మరల అతుకు. ప్రతి పడుగు దారమునొద్దను ఈ కొలత తీయవలెను. ఒక్క వలలో ఇట్టి అతుకులు వందల కొలది యుండును. దానికి నేర్పినవారు లేరు. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఒకసారి చర్మము విడిచిన తరువాత తల్లిని చూడకయే తన వల తాను కట్టుకొనును.

మన పాటు జాతి పురుగులును ఈ క్రమముననే నేయును. వాటి వల ఆకుల సందులలో నేలకు సమానముగా, జల్లెడ పరచినట్లు పండుకొనియుండును. కాని ఒక విషయములో ఇవి తక్కిన సాలెపురుగులను మించినవి. పేక అంతయు ముగిసిన తరువాత, పని అయిపోయెనని మనము అనుకొను వేళ, ఈ పురుగు మరల మొదలుపెట్టి, ముందున్న పడుగు దారముల నడుమ క్రొత్త పడుగు దారములు అనేకము లాగును. పేక నేసిన మీదట పడుగు పోయు సాలెవానిని మన మగ్గములయొద్ద ఎవరును చూచి యుండరు! కాని ఇది అట్లే చేయును. కాబట్టి వీటి వల మిక్కిలి సన్నని కన్నులు గలదై, పలుచని మల్లుగుడ్డవలె నుండును. వీటికి చిక్కు ఆహారమును అంతే చిన్నది. ఆకుచెత్తలో గంతులు వేయు, మన కంటికి కనబడీ కనబడని పురుగులు.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. సమర్థతకు మెదడు కావలెను గదా. ఆవగింజలో నాలుగైదవ వంతు లేని దేహములో పట్టు మెదడు ఎంత? అంత కొంచెపు మెదడుతో ఇన్ని కొలతలు తీయునప్పుడు పొరబాట్లు ఎక్కువగా రావలదా? లోకములో అనేకుల తలంపు ఇదియే. చిన్నదాని పని చిన్నది, ముతకది, తప్పులతడక అని. కొందరు శాస్త్రజ్ఞులు కూడ, ప్రాణి చిన్నదగుకొలది దాని నడవడి మోటుగా నుండునేమో అని అనుకొనిరి.

అనుకొని ఊరకుండక పరీక్షించినవాడు విలియం ఎబర్హార్డ్. ఆయన పనామా దేశమందలి స్మిత్సోనియన్ పరిశోధనాలయములోను, కోస్టారికా విశ్వవిద్యాలయములోను ఏండ్ల తరబడి సాలెవలలను పరిశీలించినవాడు. ఆయన ఎన్నుకొనిన చిన్న పురుగు అనపిసోనా సిమోని. ఇది సింఫైటోగ్నాథిడే కుటుంబము కాదు, దానికి దగ్గర చుట్టమగు అనపిడే కుటుంబములోనిది. దాని పిల్ల బరువు 0.005 మిల్లీగ్రాముకంటె తక్కువ. అనగా ఇట్టి పిల్లలను త్రాసులో పోసినయెడల ఒక్క గ్రాము తూగుటకు రెండు లక్షలైనను చాలవు. ఇట్టి చిన్నవాటి వలలను, వీటికంటె ఎంతో పెద్దవగు సాలెపురుగుల వలలను ప్రక్క ప్రక్కను పెట్టి, చుట్టుకును చుట్టుకును నడుమ ఎడము ఎంత సమముగా నున్నదో కొలిచెను. ఎడము హెచ్చుతగ్గులుగా నున్నయెడల అది కొలతలో తప్పు. 2007లో ఆయన ప్రకటించిన ఫలితమేమనగా, చిన్నవాటి పని పెద్దవాటి పనికంటె ఏమాత్రమును తప్పులు గలది కాదు.

ఇంతవరకు చెప్పి ముగించినయెడల వినుటకు ఇంపుగా నుండును. అనేక ప్రసంగములు ఇక్కడనే ముగియును. కాని తరువాతి సంగతి తెలియకున్న ఈ మొదటి సంగతి మనలను మోసపుచ్చును. తప్పులేని పని ఊరక వచ్చినది కాదు. దానికి వెల చెల్లింపబడినది.

18వ శతాబ్దమందే స్విట్జర్లండు దేశపు వైద్యుడు హాలర్ ఒక సంగతి కనిపెట్టెను. ప్రాణి చిన్నదగుకొలది దేహముతో పోల్చగా దాని మెదడు పెద్దదగును. ఏనుగు మెదడు మన మెదడుకంటె పెద్దదే, కాని దాని దేహములో అది అతి కొద్ది భాగము; చుంచెలుక మెదడు చిన్నదే, కాని దాని దేహములో ఎక్కువ భాగము. ఈ నియమము సాలెపురుగులలో ఎంతవరకు పోవునో 2011లో ఎబర్హార్డ్, విలియం విస్లో మొదలగువారు ప్రకటించిరి. ఆరు కుటుంబములకు చెందిన తొమ్మిది జాతులను తీసికొని, పెద్దవాటిని పిల్లలను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూచిరి. సాలెపురుగు దేహము రెండు భాగములు. తలయు రొమ్మును కలిసిన ముందు భాగమొకటి, పొట్ట ఒకటి. మిక్కిలి చిన్నవాటిలో మెదడు, నరముల ముద్దయు ఆ ముందు భాగములో నూటికి 78 వంతుల వరకు ఆక్రమించియున్నవి. అందులోనే జీర్ణాశయము ఉండవలెను, కాళ్లను నడుపు కండలు ఉండవలెను, విషపు సంచులు ఉండవలెను. వాటన్నిటికి మిగిలినది నూటికి 22 వంతులు.

అదియును చాలలేదు. మెదడు పొంగి కాళ్ల మొదళ్లలోనికి పోయినది. అనపిసోనా పిల్లలో తొడమొదలును అడ్డముగా కోసి చూడగా, అందులో నూటికి 26 వంతుల వరకు మెదడే. చిన్న ఇంటిలో పెద్ద కాపురము పెట్టినవారు ధాన్యపు బస్తాలను వసారాలోనికి కూడ నెట్టినట్లున్నది. ల్యూకాజ్ మారియానా అను మరియొక జాతిలో పెరిగినది పెద్దదే గాని, దాని పిల్లకు రొమ్ము క్రింద ఒక బుడిపె యుండును. ఆ బుడిపెలో నున్నదియు మెదడే. ఆ నరముల కణములు కూడ పెద్ద సాలెపురుగుల కణములకంటె చిన్నవి. అయితే కణమును ఎంతకైనను కుదించుటకు వీలులేదు, దాని నడిమి బీజము పట్టవలెను గదా. కుదించగలిగినంత కుదించి, మిగిలినదానికి కాళ్లలో చోటు చేయవలసి వచ్చినది.

మెదడు పోషణకు ఎంత కావలెనో మన దేహమునుబట్టి తెలిసికొనవచ్చును. మనుష్యుని మెదడు బరువులో దేహమున నూటికి రెండు వంతులు మాత్రమే. కాని మనము కూర్చుండి ఊరకున్నను, మన దేహము ఖర్చుచేయు శక్తిలో సుమారు అయిదవ వంతును అదియే తినివేయును. నరములు అంత ఖరీదైన పదార్థము. దేహములో అంత భాగము నరములేయైన పురుగు, తాను పట్టిన కొద్దిపాటి ఆహారములో ఎంత భాగము ఆ నేర్పును నిలుపుకొనుటకే వ్యయము చేయుచున్నదో తలంచి చూడుడి.

ఇంకను ఏమేమి పోగొట్టుకొన్నవో చూతము. సాలెపురుగులలో అనేకమునకు పుస్తకపు పుటలవలె పొరలుపొరలుగా నుండు ఊపిరితిత్తులుండును. సింఫైటోగ్నాథిడే కుటుంబమునకు అవి లేవు. సన్నని గాలిగొట్టములతో ఊపిరి పీల్చుకొనును. సాలెపురుగులన్నిటికి నోటి ప్రక్కను రెండు చిన్న చేతులవంటి అవయవములుండును. ఈ కుటుంబములో ఆడవాటికి అవి లేకపోయినవి. సాలెపురుగునకు ఎనిమిది కన్నులని మనము బడిలో చదువుకొందుము. వీటిలో అనేకమునకు ఆరే, కొన్నిటికి నాలుగు. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు దేశమందు దొరికిన ఒకదానికి కన్నులే లేవు. ఊపిరితిత్తులు, చేతులు, కన్నులు తగ్గినవి. నేత మాత్రము తగ్గలేదు.

మరియొక బాధ కలదు, అది ఆరిపోవుట. తడిబట్టను ముద్దగా పెట్టినయెడల ఆలస్యముగా ఆరును, పీలికలుగా చింపి పరచినయెడల నిమిషములో ఆరును. దేహము చిన్నదగుకొలది లోపలి తడి తక్కువ, బయటి చర్మము దానికి మిక్కిలి ఎక్కువ. కనుకనే ఈ పురుగులు నాచును, కుళ్లిన ఆకులను, గుహలను విడిచి రాలేవు. గరాటుమీది దీపము వాటిని పట్టుకొనుటకు చాలినట్లే, అడవి చెట్లు నరికిన చోట నేలమీద పడు ఎండ వాటిని లేకుండ చేయుటకు చాలును.

ఈ వెల చెల్లించుటకు ఇష్టపడని జాతి యేదైనను కలదా? ఒకటి కలదు, దానిని దాచుట న్యాయము కాదు. పనామా అడవులలో క్యూరిమాగువా బయానో అను పురుగున్నది. ఇది మన కుటుంబములోనిదే. ఇది వల కట్టదు. డిప్లూరా అను పెద్ద సాలెపురుగు కట్టిన వలలో కాపురముండి, ఆ పెద్దదాని వీపుననే ఎక్కి తిరుగును. ఆ పెద్దది ఒక పురుగును పట్టి, దానిని కరగించి పీల్చునప్పుడు, ఇది వీపుమీదినుండి నోటియొద్దకు దిగి ఆ రసమును త్రాగును. ఫోల్‌రాత్ అను శాస్త్రజ్ఞుడు 1978లో ఈ సంగతి వ్రాసెను. ధనవంతుని బల్లక్రింద రొట్టెముక్కలకు కనిపెట్టుకొనియుండిన లాజరు జ్ఞాపకము వచ్చునేమో గాని, ఆ పోలిక తగదు. లాజరు వాకిట పడియుండెను. ఇది యజమాని నోటిలోనిదే తీసికొనుచున్నది.

నేత మానుకొన్నందువలన ఇట్టివాటి మెదడు తగ్గి, దేహమునకు కొంత విశ్రాంతి కలిగియుండునని మనము తలంచుదుము. 2011 నాటి పరిశోధకులు ఆ ప్రశ్నను కూడ విడువలేదు. ఇతరుల వలలలో దొంగతనముగా తిని బ్రదుకు సాలెపురుగులను సహా వారు కొలిచిరి. నేయువాటికిని, దొంగిలించువాటికిని, దేహముతో పోల్చిన మెదడు పరిమాణములో భేదము కనబడలేదు. పని మానివేసినను మెదడు భారము తగ్గలేదన్నమాట. బహుశః ఇతరుని ఇంటిలో పట్టుబడక దొంగిలించుటకు కూడ అంతే తెలివి కావలసియుండవచ్చును. ఇది నా తలంపు మాత్రమే.

చివరకు ఐరోపా ఖండమునకు పోవుదము. ఉష్ణదేశముల కుటుంబమైనను ఇందులో ఒక జాతి పోర్చుగల్ దేశములో, ఫ్రాడె అను సున్నపురాతి గుహలలో దొరికెను. 2009లో పెద్రో కార్దోసో, నికొలాయ్ షార్ఫ్ అనువారు దానిని వర్ణించి, అనపిస్టులా అటాయెసినా అని పేరు పెట్టిరి. ఐరోపాలో ఈ కుటుంబమునకు చెందినదిగా కనబడిన మొదటి జాతి ఇదియే. దీని ఆడది అర మిల్లీమీటరు కూడ లేదు. వారికి మగది ఒక్కటియైనను దొరకలేదు. మగది లేకయే పిల్లలను కనుచున్నదేమో అని వారు అనుమానించిరి. ఈ పురుగు పూర్వము వెచ్చని కాలములో పైన నివసించి, వాతావరణము మారి పైన ఎండియు చల్లబడియు పోగా, తేమ మాత్రము మారని గుహలలో మిగిలిపోయినదని తలంచుట సహజము.

గుహలో వెలుగు లేదు, గాలి కదలదు, రాతినుండి నీరు చుక్కలుగా దిగును. అక్కడ ఈ పురుగు తన దారములు లాగుకొని బ్రదుకుచున్నది. అయితే ఆ కొండరాయి సున్నపురాయి. సున్నపురాయి సిమెంటునకును కట్టడములకును కావలెను. ఆ ప్రాంతములో రాతిగనులు కలవు. గుహ పైకప్పు పగిలినను, పైనుండి దిగు నీరు చెడినను, లోపలి తేమ మారును. తేమ మారినయెడల పారిపోవుటకు ఈ పురుగునకు వేరొక చోటు లేదు. లోకములో నశించిపోవుటకు మిక్కిలి దగ్గరగా నున్న ప్రాణుల పట్టీలో దాని పేరు వ్రాయబడినది. ఒక మండపమంత చోటును, మారని తడియును కావలెనని తప్ప, అది మనుష్యులను ఏమియు అడుగుట లేదు.